ఎమ్మెల్యే పని ఎలా ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలి: గాజువాక యువకుడికి ఒక మాజీ పీఏ సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. వయసు ముప్పై ఒకటి, సొంత ఊరు గాజువాక, నాన్నగారు ఉక్కు కర్మాగారంలో రిటైరయ్యారు. మీరు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు, 2029లో ఎమ్మెల్యేగా నిలబడాలని ఉంది. దీన్ని ఒక వృత్తిగా తీసుకోవచ్చా, టికెట్టు ఎలా వస్తుంది, ఎంత ఖర్చవుతుంది, ఓడిపోతే ఏమిటి అని అడిగారు.

నేను విశాఖలో ఇద్దరు ఎమ్మెల్యేల దగ్గర పీఏగా పనిచేశాను. ఒకరు అధికార పక్షం, ఒకరు ప్రతిపక్షం. పేర్లు చెప్పను, పార్టీలూ చెప్పను. ఆ కుర్చీలో కూర్చున్నవాడిని కాను గానీ, దాని వెనక ఫైళ్లు పట్టుకుని చాలా కాలం నిలబడ్డాను. అక్కడి నుంచి కనిపించిందే రాస్తున్నాను.

ముందు అందరూ పొరబడే సంగతి. ఎమ్మెల్యే చేతిలో అధికారం ఉంటుందని జనం నమ్ముతారు, పోటీ చేసేవాళ్లు అంతకంటే గట్టిగా నమ్ముతారు. పరిపాలన మంత్రివర్గానిది, అధికారులది. లెటర్‌హెడ్ మీద ‘తగు చర్య తీసుకోగలరు’ అని సంతకం పెట్టినంత మాత్రాన వీధి దీపం వెలగదు. జీవీఎంసీ (విశాఖ నగర పాలక సంస్థ) ఇంజినీరు అంచనా వేయాలి, కమిషనర్ మంజూరు చేయాలి, బిల్లు వస్తుందన్న నమ్మకంతో కాంట్రాక్టరు ముందుకు రావాలి. ఒక గుమస్తాను బదిలీ చేసే హక్కు కూడా చట్టప్రకారం ఎమ్మెల్యేకు లేదు. ఉన్నదల్లా అడిగే హక్కు. సభలో మంత్రిని అడగవచ్చు, కలెక్టరేట్ సమీక్షలో అందరి ముందు అధికారిని అడగవచ్చు, ఫోను చేసి ఒంటరిగా అడగవచ్చు. ఏ పనికి ఏది వాడాలో తెలిసినవాళ్లు ఈ రంగంలో నిలబడ్డారు. తెలియనివాళ్లు ఒక గాలికి గెలిచి మరో గాలికి కొట్టుకుపోయారు.

ఇక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను, ఎందుకంటే మీరు ఊహించుకుంటున్న రోజుకూ దీనికీ పోలిక ఉండదు. తెల్లవారి ఆరు కాకముందే గేటు దగ్గర జనం ఉంటారు. కొండవాలు కాలనీ నుంచి వచ్చిన ఆడవాళ్లు రక్షణ గోడ కావాలంటారు, మెట్లు కావాలంటారు. వానాకాలంలో పైనుంచి రాయి జారుతుందన్న భయం వాళ్లది. ఎవరింట్లోనో గెడ్డ (వాగు) నీళ్లు చేరాయి. ఒకాయన చేతిలో ఆసుపత్రి బిల్లుల కట్ట ఉంటుంది, ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టాలి. ఆ దరఖాస్తుకు అసలు బిల్లులు ఉండాలి, డిశ్చార్జి సమ్మరీ ఉండాలి, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం ఉండాలి. ఒక్కటి తగ్గినా ఫైలు తిరిగి వస్తుంది. నేను పనిచేసిన చోట మేమే ఒక అట్టమీద ఆ జాబితా రాసి గేటుకు వేలాడదీశాం. దాంతో సగం తగాదాలు తగ్గాయి. ఇంకొందరు తిరుమల సిఫార్సు లేఖ కోసం వస్తారు. నవ్వకండి, ఎమ్మెల్యే కార్యాలయానికి వచ్చే ఫోన్లలో తిరుమల లేఖల వాటా మీరు ఊహించలేనంత ఉంటుంది. ఏ తేదీకి ఎవరికి లేఖ ఇచ్చామో పుస్తకంలో రాసుకోకపోతే, ఒకే రోజుకు ఇద్దరు ద్వితీయ శ్రేణి నాయకులకు మాట ఇచ్చి ఇద్దరినీ దూరం చేసుకుంటాం.

తొమ్మిది దాటాక శంకుస్థాపనలు, పరామర్శలు, సాయంత్రం నుంచి పెళ్లిళ్లు. ముహూర్తాల రోజుల్లో రాత్రి పదకొండు వరకూ అక్షింతలు వేస్తూ తిరగడమే పని. పెళ్లికి రాకపోతే క్షమిస్తారు. చావుకు రాకపోతే మాత్రం అయిదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఈ రెండో వాక్యం ఒక్కటి పట్టుకుంటే మీకు సగం రాజకీయం వచ్చినట్టే.

విశాఖలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది, మిగతా జిల్లాల ఎమ్మెల్యేలకు ఇంతగా ఉండదు. ఈ ఊళ్లో పెద్ద సంస్థలన్నీ కేంద్రానివి. పోర్టు, నౌకాదళం, రైల్వే, ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, హెచ్‌పీసీఎల్. వన్‌టౌన్‌లో మేడ మీద ఆరేసిన బట్టలపై బొగ్గు ధూళి పడితే జనం వచ్చేది ఎమ్మెల్యే దగ్గరకే. కానీ పోర్టు మీద రాష్ట్ర మంత్రికే అజమాయిషీ లేదు, ఎమ్మెల్యేకు ఎక్కడిది? మీ గాజువాకలో ఉక్కు నిర్వాసితుల ఆర్ కార్డుల (కర్మాగారానికి భూమి ఇచ్చినవాళ్ల పునరావాస కార్డుల) సంగతి మీ ఇంట్లోవాళ్లకే తెలిసి ఉంటుంది. భూమి ఇచ్చిన తరం పోయింది, ఉద్యోగం రాని మూడో తరం ఇప్పుడు అర్జీ పట్టుకుని తిరుగుతోంది. సింహాచలం పంచగ్రామాల భూముల వ్యవహారం దేవస్థానానికీ కోర్టులకూ మధ్య ఏళ్ల తరబడి నలుగుతోంది. అడివివరం నుంచి వేపగుంట దాకా ఎన్ని ఎన్నికలు వచ్చినా ప్రతి అభ్యర్థీ దాని మీద హామీ ఇచ్చినవాడే. ఇలాంటి చోట ‘నేను చేస్తాను’ అనే ఎమ్మెల్యే రెండేళ్లలో అబద్ధాలకోరు అనిపించుకుంటాడు. ‘ఇది ఫలానా కార్యాలయం చేతిలో ఉంది, నేను ఈ తేదీన రాసిన లేఖ ఇది, వాళ్ల జవాబు ఇది’ అని కాగితం చూపించగలిగినవాడికి మాత్రం మర్యాద మిగులుతుంది.

పదవి వదిలేసి పోరాడితే? ఆ దారి కూడా ఈ ఊరు చూసింది. 1966లో ఉక్కు ఉద్యమ కాలంలో శాసనసభ్యులు పదుల సంఖ్యలో రాజీనామా చేశారు, తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు ముందుండి నడిపారు. 2021 ఫిబ్రవరిలో ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా విశాఖ ఉత్తర ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు రాజీనామా చేశారు. దాన్ని స్పీకర్ ఆమోదించింది 2024 జనవరిలో! రాజీనామా స్వచ్ఛందమేనని స్పీకర్ నమ్మాలని రాజ్యాంగంలోని 190వ అధికరణం చెబుతుంది, ఎన్నాళ్లలో తేల్చాలో మాత్రం చెప్పదు. కాబట్టి పదవి ఎక్కడమే కాదు, దిగడం కూడా ఎమ్మెల్యే ఒక్కడి చేతిలో ఉండదు.

సభ సంగతికి వస్తాను. ఏడాదిలో సభ జరిగే రోజులు కొద్ది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి వ్యవధి ఉండకూడదన్న నిబంధన లేకపోతే ఇంకా తగ్గేవేమో. ఇదివరకు మన వాళ్లంతా సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదులో దిగేవారు. 2017 నుంచి సభ అమరావతిలోని వెలగపూడిలో. విశాఖ నుంచి కారులో పోయినా, రత్నాచల్ రైల్లో పోయినా ఒక పూట ప్రయాణం. నియోజకవర్గంలో పెళ్లిళ్లు మానుకుని అక్కడ కూర్చోవడం దండగ అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఎమ్మెల్యేకు చట్టం నికరంగా ఇచ్చిన ఆయుధం అక్కడే ఉంది, దాన్ని తుప్పు పట్టనిచ్చేది మనవాళ్లే.

ఆ ఆయుధం పేరు ప్రశ్న. సభలో మొదటి గంట ప్రశ్నోత్తరాలు. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు ఇస్తారు. ఇందులో కిటుకంతా ప్రశ్న రాయడంలోనే ఉంది. ‘ఫలానా ప్రాంతంలో కాలుష్య నివారణకు ప్రభుత్వం ఏ చర్యలు తీసుకుంటున్నదో మంత్రి దయతో తెలియజేస్తారా’ అని రాస్తే, ‘అవసరమైన చర్యలు తీసుకుంటున్నాము’ అని ఒక్క ముక్క వస్తుంది, అక్కడితో సరి. అదే ప్రశ్నను ముక్కలు చేసి రాయాలి. ఆ ప్రాంతంలో గాలి నాణ్యత కొలిచే కేంద్రాలు ఎన్ని, ఎక్కడ ఉన్నాయి. గత మూడేళ్లలో ప్రమాణాలు దాటిన రోజులు ఎన్ని. ఏ సంస్థలకు ఏ తేదీన నోటీసులు ఇచ్చారు. వాటికి వచ్చిన జవాబులేమిటి. ఇలా అడిగితే సచివాలయం నుంచి జిల్లా కార్యాలయానికి ఫోను వస్తుంది. జిల్లా అధికారి ఆ రాత్రి ఫైలు వెతకాల్సిందే. నేను ప్రతిపక్ష ఎమ్మెల్యే దగ్గర ఉన్నప్పుడు, ప్రశ్న సభలో చర్చకు రాకముందే పనైపోయిన సందర్భాలు ఉన్నాయి. జవాబులో ‘పని పూర్తయింది’ అని రాసుకోవడానికి వాళ్లే పరుగెత్తుకొచ్చి చేసేవారు. జనానికి ఈ సంగతి తెలియదు. టీవీలో కనిపించేది కేకలు, వాకౌట్లే.

మంత్రి సభలో ‘చేస్తాం’ అన్న మాటను పట్టుకుని అడగడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఖర్చుల లెక్క తీయడానికి ప్రజాపద్దుల కమిటీ, మనం పీఏసీ అంటాం. ఆ పీఏసీ చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. కొత్త ఎమ్మెల్యేలు కమిటీలంటే స్టడీ టూర్లు అనుకుంటారు, కొంతవరకు అది నిజం కూడా. కాగ్ నివేదిక చదవడం వచ్చిన ఒక్క సభ్యుడు ఉంటే మాత్రం ఆ గదిలో అధికారులు సర్దుకుని కూర్చుంటారు. మీరు సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు, పట్టికలు చూసినవారు కదా, మీకు పనికొచ్చేది ఇదే.

ఓటు దగ్గర మాత్రం స్వేచ్ఛ లేదు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. పార్టీ విప్ (ఓటు ఎలా వేయాలన్న ఆదేశం) ధిక్కరించి ఓటు వేస్తే సభ్యత్వం పోవచ్చు, స్వచ్ఛందంగా పార్టీ వదులుకున్నా పోవచ్చు. పోవచ్చు అన్నాను, ఎప్పుడు పోతుందో స్పీకర్ చేతిలో ఉంటుంది. విశాఖ దక్షిణం చూడండి. వాసుపల్లి గణేష్ కుమార్ 2014, 2019లలో తెలుగుదేశం తరఫున గెలిచారు, 2020లో వైఎస్సార్ కాంగ్రెస్ వైపు వెళ్లారు. ఆయనపై అనర్హత వేటు పడింది 2024 ఫిబ్రవరిలో, అంటే పదవీకాలం చివర్లో. అటువైపు వంశీకృష్ణ శ్రీనివాస్ యాదవ్. రెండుసార్లు విశాఖ తూర్పులో ఓడి, 2021లో కార్పొరేటరై, అదే ఏడాది స్థానిక సంస్థల కోటాలో వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్సీ అయ్యారు. తర్వాత జనసేనలో చేరారు, 2024 మార్చిలో మండలి చైర్మన్ ఆయన్ను అనర్హుడిగా ప్రకటించారు. కొన్ని వారాలకే మే నెలలో ఈ ఇద్దరు అనర్హులూ విశాఖ దక్షిణంలో ఎదురెదురుగా నిలబడ్డారు, వంశీకృష్ణ గెలిచారు. ఈ చట్టం కింద అనర్హత పడినా తర్వాతి ఎన్నికలో నిలబడకుండా ఆపేదేమీ లేదు. ఇక వంశీకృష్ణ ఖాళీ చేసిన ఆ ఎమ్మెల్సీ స్థానానికి 2024 ఆగస్టులో బొత్స సత్యనారాయణ ఏకగ్రీవంగా వెళ్లారు. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మీరు దిగుదామనుకుంటున్న నీళ్ల లోతు ఇంత అని తెలియాలి కదా.

ఇప్పుడు అర్హతలు, ఇవి చిన్న సంగతులు. శాసనసభకు 25 ఏళ్లు, మండలికి 30 ఏళ్లు నిండాలి. రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. జనరల్ అభ్యర్థికి డిపాజిట్టు 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది పోతుంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక ఓటరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. కేసులు, ఆస్తులు, అప్పులు అన్నీ ఫారం 26 అఫిడవిట్‌లో రాయాలి. అక్కడ ఖాళీ గడి వదిలేసి నామినేషన్ పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఎన్నికలోనూ ఉంటారు. రాష్ట్ర ప్రభుత్వంతో అమల్లో ఉన్న కాంట్రాక్టు మీ పేరున ఉంటే అది కూడా అనర్హతే. ప్రైవేటు ఉద్యోగం అడ్డం కాదు.

అసలు గండం టికెట్టు. దీని గురించి కొంచెం విస్తరంగా రాస్తాను, ఎందుకంటే మీ మొత్తం ప్రశ్నలో సమాధానం కష్టమైనది ఇదొక్కటే.

బీ ఫారం, అంటే ఈయనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం, ఇచ్చేది పార్టీ అధ్యక్షుడు. మన పార్టీల్లో నియోజకవర్గ సభ్యులు ఓటు వేసి అభ్యర్థిని ఎన్నుకునే పద్ధతి లేదు. సర్వేలు చేయిస్తారు, కులాల లెక్క చూస్తారు, డబ్బు పెట్టగలడా అని చూస్తారు, పొత్తు ఉంటే స్థానమే వేరే పార్టీకి పోతుంది. అయిదేళ్లు ఇన్‌ఛార్జిగా జెండా మోసినవాడికి నామినేషన్ల చివరి రోజున ‘ఈసారికి సర్దుకుపోండి’ అన్న ఫోను రావడం నేను పక్కన ఉండి విన్నాను. ఆ మనిషి ముఖం ఇప్పుడు వర్ణించను.

ఇందులో రెండు రకాల జీవితాలు కనిపిస్తాయి. ఒకటి, ఒకే చోట పాతుకుపోవడం. ఇప్పటి స్పీకర్ చింతకాయల అయ్యన్నపాత్రుడు 1983లో తెలుగుదేశం పుట్టిన ఊపులో నర్సీపట్నం నుంచి సభకు వెళ్లారు. అక్కడే ఏడుసార్లు గెలిచారు, మధ్యలో 1989, 2009, 2019లలో అక్కడే ఓడారు కూడా. నగరంలో వెలగపూడి రామకృష్ణబాబు విశాఖ తూర్పు ఏర్పడినప్పటి నుంచి, అంటే 2009, 2014, 2019, 2024లలో వరసగా అక్కడే గెలిచారు. 2019లో రాష్ట్రమంతా ఒక గాలి వీస్తే, నగరంలోని నాలుగు స్థానాలూ దానికి ఎదురు నిలిచాయని గుర్తుంచుకోండి. రెండోది, చోటు మారుతూ పోవడం. గంటా శ్రీనివాసరావు 1999లో అనకాపల్లి ఎంపీ, 2004లో చోడవరం, 2009లో అనకాపల్లి, 2014లో భీమిలి, 2019లో విశాఖ ఉత్తరం, 2024లో మళ్లీ భీమిలి. పార్టీలు మారాయి, నియోజకవర్గాలు మారాయి, గెలుపు మాత్రం ఆగలేదు. ఈ రెండో దారికి వేరే ధాతువు కావాలి. ప్రతి చోటా కొత్త బృందాన్ని ఆరు నెలల్లో నిలబెట్టగల ఆర్థిక బలం, పరిచయాలు కావాలి. మీకు అది లేదని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. కాబట్టి మొదటి దారే మీది, అదీ అడుగు నుంచి.

అడుగు అంటే వార్డు. జీవీఎంసీలో 98 వార్డులు. కార్పొరేటర్‌గా పోటీ చేయడానికి 21 ఏళ్లు నిండితే చాలు. పిల్లలు ఇద్దరికి మించకూడదన్న పాత నిబంధన కూడా 2024 నవంబరులో తీసేశారు. మీ గాజువాకలోనే 2024లో పోటీ చేసిన గుడివాడ అమర్‌నాథ్ మొదట కార్పొరేటరే, ఆ తర్వాతే ఎమ్మెల్యే, మంత్రి. అయితే ఆయన తాత, తండ్రి శాసనసభ్యులుగా చేసినవారు, అది కూడా లెక్కలో వేసుకోండి. ఈ మెట్టు ఎప్పుడూ అందుబాటులో ఉంటుందని కూడా అనుకోవద్దు. 2007లో ఎన్నికైన పాలకవర్గం కాలం 2012లో తీరితే, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. తొమ్మిదేళ్లు ఈ నగరంలో కార్పొరేటర్ అనేవాడే లేడు. రాజకీయం నేర్చుకోవాల్సిన ఒక తరం ఆ తొమ్మిదేళ్లూ ఫ్లెక్సీలు కట్టుకుంటూ గడిపింది. నగరానికి జరిగిన నష్టం గురించి రాసినవాళ్లు ఉన్నారు గానీ, దీని గురించి ఎవరూ పెద్దగా రాయలేదు.

వార్డుకు కూడా ముందు బూత్. పార్టీలో చేరిన మర్నాడే రాష్ట్ర నాయకుడితో ఫోటో దిగకండి. మీ ఇంటి దగ్గర పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా తీసుకోండి. ఏ పేరు చనిపోయినవారిది, ఏ పేరు పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయిది, ఏ ఇంట్లో పద్దెనిమిది నిండిన పిల్లలు ఉన్నారు, ఇది మీకు తెలియాలి. పోలింగ్ రోజు ఏజెంటుగా లోపల కూర్చోండి. మాక్ పోల్ నుంచి సీలు వేసేదాకా అక్కడే ఉండి, ఫారం 17సీలో పోలైన ఓట్ల సంఖ్య రాయించుకుని బయటకు రండి. ఈ పని చేసినవాడి మాటకు నియోజకవర్గ ఇన్‌ఛార్జి దగ్గర ఉండే విలువ, పది సభల్లో మైకు పట్టుకున్నవాడికి ఉండదు.

డబ్బు గురించి అడిగారు. శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షల రూపాయలు. దానికి వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ఎన్నికల సంఘం మనుషులు మీ సభలను వీడియో తీసి తమ దగ్గర వేరే రిజిస్టరు రాసుకుంటారు, మీ లెక్క దానితో సరిపోవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా లెక్క దాఖలు చేయకపోతే మూడేళ్ల వరకు పోటీకి అనర్హులవుతారు, ఓడినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఓడిన బాధలో లెక్క మరిచి ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. కాగితం మీద ఇదీ. బయట నిజంగా ఎంత అవుతుందో మీరూ విశాఖలోనే పెరిగారు, ఎన్నికల ముందు రాత్రుళ్లు ఏమి జరుగుతుందో నేను చెప్పనక్కరలేదు. అయితే పోలింగ్ ఖర్చు కంటే మనిషిని ముంచేది ముందు అయిదేళ్ల ఖర్చు. ప్రతి రోజూ కార్యకర్తలకు టీ, టిఫిను, పండగకు చందా, వినాయక మండపానికి చందా, క్రికెట్ టోర్నమెంటుకు కప్పు, ఆసుపత్రిలో చేరినవాడికి చేతిఖర్చు. ఇది గెలిచినా ఆగదు. ఎమ్మెల్యేకు జీతభత్యాలు కలిపి నెలకు లక్ష దాటి వస్తాయి. కార్యాలయం నడపడానికి, కార్లకు, మనుషులకు అది ఏ మూలకూ చాలదు. కనుక ఇంట్లో వేరే ఆదాయం ఉండాలి, అది కూడా నలుగురికీ చూపించగలిగిన ఆదాయమై ఉండాలి. లేకపోతే ఎవరో పెట్టుబడి పెడతారు, తర్వాత ఆయన పనులే మీ పనులవుతాయి. నేను చూసిన పతనాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. మీ ఉద్యోగం ఇప్పుడే మానవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

మంత్రి పదవి ఆశ పెట్టుకుంటే దాన్ని లెక్కగా చూడండి. 2003లో వచ్చిన 91వ సవరణ ప్రకారం మంత్రివర్గం సభ బలంలో 15 శాతం దాటకూడదు. 175 మంది సభలో ముఖ్యమంత్రితో కలిపి 26. జిల్లాలు, కులాలు, మహిళలు, పొత్తు పార్టీలు అన్నీ సర్దాక మిగిలేది ఎంత? 2024 జూన్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో విశాఖ జిల్లాకు ఒక్క చోటూ దక్కలేదు, నాలుగుసార్లు గెలిచినవాళ్లు ఉన్నా. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన్యంలో ఉంది. 2018 సెప్టెంబరులో డుంబ్రిగుడ మండలంలో మావోయిస్టులు అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను కాల్చి చంపారు. ఆ నవంబరులో సర్వేశ్వరరావు కుమారుడు శ్రావణ్ కుమార్ ఏ సభలోనూ సభ్యుడు కాకుండానే మంత్రి అయ్యారు. సభ్యుడు కానివారు ఆరు నెలలకు మించి మంత్రిగా ఉండకూడదు కాబట్టి 2019 మేలో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఈ పని ప్రాణం మీదకు వచ్చే చోట్లు మన పాత జిల్లాలోనే ఉన్నాయన్నది కూడా అందులో ఉంది.

ఓడిపోతే ఏమిటన్నారు. ఓడిన మర్నాడు ఇంటి ముందు కార్లు ఉండవు, అది అందరికీ జరుగుతుంది. మూడో రోజు ఎవరు వచ్చారో చూసుకోండి, వాళ్లే మీ మనుషులు. మీ గాజువాక సంగతే తీసుకుందాం. పల్లా శ్రీనివాసరావు 2014లో గెలిచారు. 2019లో తిప్పల నాగిరెడ్డి గెలిచి, పవన్ కల్యాణ్ రెండో స్థానంలో ఉంటే, పల్లా మూడో స్థానానికి పడిపోయారు. మూడో స్థానం అంటే మామూలుగా రాజకీయ జీవితం ముగిసినట్టే. ఆయన మాత్రం నియోజకవర్గం వదలలేదు, 2024లో 95,235 ఓట్ల ఆధిక్యంతో, రాష్ట్రంలోకెల్లా పెద్ద మెజారిటీతో తిరిగి వచ్చారు. అప్పుడు పొత్తు ఉంది, గాలి ఉంది, నిజమే. అయితే గాలి వచ్చేనాటికి అక్కడ ఉన్నది ఆయనే కదా.

ఆర్థికంగా ఓటమి భారం ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. ఒక్కసారి గెలిచి ఉంటే మాజీ శాసనసభ్యుడి పింఛను ఉంటుంది. ఒక్కసారీ గెలవకపోతే ఏమీ ఉండదు. మీ భార్య, అమ్మానాన్నలు దీనికి ఒప్పుకున్నారా అని మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. వాళ్లను అడగండి. తెల్లవారుజామున గేటు తీసి టీ పెట్టాల్సింది వాళ్లే.

ఇంకొక్క విషయం, 2029 అని మీరు లెక్క వేసుకున్నది ఇప్పటి గాజువాక హద్దులతో. రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 26వ సెక్షను మన సభ స్థానాలను 175 నుంచి 225కు పెంచవచ్చంటోంది, కానీ రాజ్యాంగంలోని 170వ అధికరణానికి లోబడి. 2023లో వచ్చిన 106వ సవరణ మహిళలకు మూడో వంతు స్థానాలు ఇస్తుంది, దాన్నీ జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో విశాఖ-1, విశాఖ-2 పోయి తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం వచ్చాయి, గాజువాక కొత్తగా పుట్టింది. అప్పుడు చాలామంది సిద్ధం చేసుకున్న బూత్‌లు పక్క నియోజకవర్గంలోకి పోయాయి. అందుకే ఒక్క కాలనీని, ఒక్క కులాన్ని నమ్ముకుని పని చేయవద్దు. పెదగంట్యాడ నుంచి మల్కాపురం దాకా మీ ముఖం తెలియాలి. గీతలు ఎటు మారినా ఎక్కడో ఒకచోట మీరు ఉంటారు.

చివరగా, మీరు రాసినదాన్ని బట్టి మీ ఓటు హైదరాబాదులో నమోదై ఉండాలి. అలా ఉంటే మీరు ఆంధ్రప్రదేశ్‌లో ఓటరే కాదు, నామినేషన్ పరిశీలనలోనే పోతుంది. రెండు చోట్ల పేరు ఉంచుకోవడం నేరం, ఆ పని చేయకండి. నిజంగా గాజువాకలో కాపురం పెట్టాకే ఫారం 8 నింపి ఓటు ఇంటి చిరునామాకు మార్చుకోండి. వారాంతంలో వచ్చిపోతూ ఎమ్మెల్యే అయినవాడిని నేనింతవరకు చూడలేదు. మీ కంపెనీకి మధురవాడలో కార్యాలయం ఉంటే ముందు అక్కడికి బదిలీ అడగండి.